పుల్లలోనే ఉంది గురి

చీపురు పుల్లతో మొదలవుతుంది. కర్నూలు, కడప పల్లెల్లో ఎనిమిదేళ్ల పిల్లాడికి విల్లు కావాలనిపిస్తే ఎంతసేపు? పాత బుట్టలోంచి ఊడిన వెదురు దబ్బ విల్లవుతుంది. గోనెసంచి పురికొస నారి అవుతుంది. అమ్మ చూడనప్పుడు చీపురులోంచి లాగిన ఈనె బాణం. అది నాలుగు గజాలు ఎగిరి, గిర్రున తిరిగి బొక్కబోర్లా పడుతుంది. మర్నాడు కంది కట్టె. అది బరువుగా, వంకరగా పోయి పక్కింటి ప్రహరీకి తగులుతుంది. ఆ తర్వాత జొన్న దంటు. నున్నగా, నిటారుగా చూడ్డానికి భలే ఉంటుంది. కానీ లోపలంతా బెండు. కాస్త గాలి వీస్తే చాలు, పక్కకు కొట్టుకుపోతుంది. రాయికి తగిలితే కొస చితికిపోతుంది.

అప్పుడు పిల్లాడు ఏం చేస్తాడు? విల్లు మారుస్తాడు. ఇంకా లావు దబ్బ తెస్తాడు. నారి ఇంకా బిగిస్తాడు. బాణం ఇంకా ఎక్కువ వంకర పోతుంది!

తప్పు విల్లుది కాదు, పుల్లది. ఈ మాట ఆ పిల్లాడికి తెలియకపోవచ్చుగానీ, నల్లమలలో తరాల తరబడి విల్లు పట్టిన చెంచులకు తెలుసు. అల్లంత దూరాన అమెరికాలో విల్లంబులతో వేటాడేవాళ్లకూ తెలుసు. మామూలు విల్లుతో మంచి అమ్ము వేస్తే గురి కుదురుతుంది. ఎంత గొప్ప విల్లయినా చెడ్డ అమ్ముకు గురి నేర్పలేదు. అందుకే ఏ దేశంలో చూసినా, ఏ కాలంలో చూసినా విలుకాడి అసలు తలనొప్పి ఒక్కటే... ఈ పుల్ల దేంతో చేయాలి?

పాములా పోయే బాణం

సినిమాల్లో బాణం గీత గీసినట్టు తిన్నగా పోతుంది. నిజంగా అలా పోదు. విల్లు వదిలిన క్షణంలో అది వంగుతుంది, ఎదురు వంగుతుంది, మళ్లీ వంగుతుంది. పాములా మెలికలు తిరుగుతూ వెళ్లి కొంత దూరం తర్వాతే కుదుటపడుతుంది. కంటికి కనిపించదు. 1930ల్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ హైస్పీడ్ కెమెరాతో తీసినప్పుడు ఆ మెలికలన్నీ ఫిల్ము మీద పడ్డాయి.

ఎందుకలా? పాతకాలపు విల్లుకు మధ్యలో బాణం దూరే సందు ఉండదు. అమ్ము విల్లు బద్దకు పక్కన ఆనుకుని ఉంటుంది. నారి మాత్రం బద్ద మధ్యకు వస్తుంది. అంటే అమ్ము చూపు కాస్త పక్కకు ఉంటుందన్నమాట. మరి గురికి తగిలేదెలా? నారి వెనక నుంచి తోసినప్పుడు పుల్ల వంగి, బద్దను చుట్టుకున్నట్టుగా దాటి, అవతల మళ్లీ తన దారిలోకి వస్తుంది. పుల్ల మరీ గట్టిదైతే వంగదు. బద్దను రాసుకుంటూ, కుడిచేత్తో లాగేవాడికి ఎడమవైపు పోతుంది. మరీ మెత్తనిదైతే అవసరానికి మించి వంగి కుడివైపు పోతుంది. ఆ విల్లు బలానికి సరిపడా వంగే పుల్లే తిన్నగా పోతుంది.

పాశ్చాత్యులు ఈ వంపుకు ఒక కొలత పెట్టుకున్నారు. కర్ర అమ్ములకు వాడే పద్ధతి మన పెరట్లోనూ చేసుకోవచ్చు. 26 అంగుళాల ఎడంలో రెండు మేకుల మీద పుల్లను పడుకోబెట్టాలి. సరిగ్గా మధ్యలో 2 పౌండ్ల బరువు, అంటే దాదాపు 900 గ్రాములు వేలాడదీయాలి. పుల్ల ఎన్ని అంగుళాలు కిందికి దిగిందో చూసి, 26ను ఆ అంకెతో భాగించాలి. అర అంగుళం దిగితే 52. అంటే 52 పౌండ్ల బలంతో లాగే విల్లుకు సరిపోతుంది. 0.65 అంగుళం దిగితే 40 పౌండ్ల విల్లుకు. ఇంత లెక్క లేకుండానే అడవిలో పెరిగినవాడు పుల్లను రెండు చేతుల్లో పట్టి, బొటనవేళ్లతో నొక్కి, ‘ఇది పనికొస్తుంది, ఇది రాదు’ అనేస్తాడు. కొలబద్ద వేళ్లలోనే ఉంటుంది.

ఇక బరువు. వేటకు తేలిక అమ్ము పనికిరాదు. వేగంగా పోతుంది నిజమే, కానీ తగిలాక లోపలికి దిగదు. సంప్రదాయ విల్లుతో వేటాడే పాశ్చాత్యులు విల్లు బలంలో ఒక్కో పౌండుకు 8 నుంచి 10 గ్రెయిన్ల బరువు అమ్ముకు ఉండాలంటారు. అంటే 40 పౌండ్ల విల్లుకు 20 నుంచి 26 గ్రాములు. ఇందులో మొన బరువు కూడా కలిసే ఉంటుంది. తగలాలి, దిగాలి, విరగకూడదు, వంకర పోకూడదు. పైగా అడవిలో ఊరికే దొరకాలి. ఇన్ని షరతులకు ఒప్పుకునే పుల్లలు ఎన్నో ఉండవు.

మగ వెదురు, మూడో ఏడు

నల్లమలలో మొదటి ఓటు వెదురుకే. ఆ మాటకొస్తే విల్లూ వెదురే. నారి కూడా వెదురు బద్దతో చేసుకునేవారని పాత రాతలు చెబుతున్నాయి. అడవిలో వెదురు ఒక్క రకం కాదు. వాగుల పక్కన, చెమ్మ ఉన్నచోట ముళ్ల వెదురు పెద్ద పెద్ద పొదలుగా పెరుగుతుంది. లావుగా ఉంటుంది, లోపల డొల్ల. దాన్నే బొంగు అంటాం. మెట్ట మీద, రాళ్ల వాలులో, వానలు తక్కువ పడేచోట పెరిగేది వేరే. సన్నగా, పొట్టిగా ఉంటుంది. గోడ మందం. కొన్నిటికి లోపల డొల్లే ఉండదు. వృక్షశాస్త్రం వాళ్లు డెండ్రోకలామస్ స్ట్రిక్టస్ అంటారు. వాడుకలో మగ వెదురు, గట్టి వెదురు. పోలీసు లాఠీలూ, ముసలాయన చేతికర్రా సాధారణంగా ఇదే.

ఏడాదికి 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన చూసే కర్నూలు, కడప నేలకు ఇక్కడొక అదృష్టం ఉంది. నీళ్లు తక్కువైతే వెదురు లావెక్కదు, గట్టిపడుతుంది. అమ్ముకు కావలసింది అదే. సీమ మీద వానదేవుడు చేసిన అన్యాయాలన్నిటిలో పనికొచ్చింది ఇదొక్కటేనేమో!

ఏ బొంగు పడితే ఆ బొంగు కోస్తే కుదరదు. ఆ ఏడు లేచిన పిల్క మెత్తగా, నీరుగా ఉంటుంది. ఆరాక ముడుచుకుపోతుంది. మూడేళ్లు నిండిన గడ కావాలి. గడ వయసు చెప్పడానికి కొన్ని గుర్తులున్నాయి. పొరలన్నీ రాలిపోయి ఉండాలి. నిగనిగలాడే పచ్చదనం పోయి కాస్త పాలిపోవాలి. కత్తి వెనకతో కొడితే ‘టప్’ అనకూడదు, ‘ఖంగ్’మనాలి. కోత వానాకాలంలో కాదు. వానలు వెళ్లాక, చలికాలంలో. వెదురులో ఉండే పిండిపదార్థం కోసం పుచ్చు పురుగు కాచుకుని ఉంటుంది. వేళ కాని వేళ కోసిన గడను ఆరు నెలల్లో లోపలంతా పొడి చేసి పెడుతుంది. కోసిన గడను కొన్నాళ్లు నీళ్లలో నానేయడం వెదురు పని తెలిసినవాళ్లంతా చేసేదే. ఆ పిండి నీళ్లలోకి దిగిపోతుంది, పురుగు నిరాశపడుతుంది.

తర్వాత నీడ. ఎండలో పెట్టారా, అయిపోయింది. సీమ ఎండకు వెదురు నిలువునా పగులుతుంది. నీడలో, గాలి ఆడేచోట, కట్టగా కట్టి వేలాడదీయాలి. కట్టడం ఎందుకంటే ఒకదాన్నొకటి వంగనివ్వవు.

ఎంత ఎంచి తెచ్చినా వెదురు పుల్లకు కణుపు కణుపుకూ ఒక చిన్న వంకర ఉంటుంది. దాన్ని తీసేది నిప్పు. పొగలేని నిప్పుల మీద వంకరున్న చోటును తిప్పుతూ వేడి చేస్తే లోపలి పీచును పట్టి ఉంచే బంక మెత్తబడుతుంది. అప్పుడు చేత్తో వంకరకు ఎదురు వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. తొందరపడి వదిలితే మళ్లీ మొదటికే వస్తుంది. ఎక్కువ కాలిస్తే మాడి, పెళుసై, విల్లులో ఉండగానే విరుగుతుంది. విరిగిన అమ్ము ముక్క ఎక్కడికి పోతుందో తెలుసా? విల్లు పట్టిన చేతిలోకి. అందుకే వేసే ముందు ప్రతి అమ్మునూ కాస్త వంచి, చెవి దగ్గర పెట్టుకుని చిటపట వినిపిస్తుందేమో చూసుకోవడం ప్రపంచంలో ఏ విలుకాడికైనా మొదటి పాఠం.

కణుపుల సంగతీ ఉంది. నారి కూర్చునే గాడిని కణుపుకు ఆనుకుని కోస్తారు. కణుపు అడ్డం ఉంటే నారి దెబ్బకు పుల్ల నిలువునా చీలదు. గడ మొదలు వైపు బరువు ఎక్కువ, కొస వైపు తక్కువ. మొదలును మొన వైపు పెడితే ముందు బరువు పెరిగి అమ్ము నిలకడగా పోతుంది. ఇక లావు బొంగును చీల్చి, ఆ బద్దను గుండ్రంగా చెక్కి కూడా అమ్ము చేయొచ్చు. అలా చేస్తే కావలసినంత సన్నగా వస్తుంది. కానీ ఒక మెలిక. వెదురు బలమంతా పైతోలుకు దగ్గరగా ఉండే పీచులో ఉంటుంది. నున్నగా రావాలని తోలంతా చెక్కేస్తే మిగిలేది మెత్తటి లోపలి భాగం. చూపుకు అందం, పనికి సున్నా.

శరం అంటే రెల్లు

వెదురు తర్వాతి పేరు రెల్లు. నిజానికి భాష ఓటేస్తే రెల్లే గెలుస్తుంది. సంస్కృతంలో ‘శర’ అంటే రెల్లు జాతి గడ్డి. బాణానికి ఆ పేరు తర్వాత అంటుకుంది. శరవణభవుడని కుమారస్వామిని పిలుస్తున్నామంటే అర్థం రెల్లుపొదలో పుట్టినవాడని. మన తెలుగు ‘కోల’ కూడా అంతే. కోల అంటే కర్ర, కోల అంటే బాణం. పుల్ల పేరే ఆయుధం పేరైపోయింది. మొన పేరుతోనో, ఈక పేరుతోనో బాణాన్ని పిలవకుండా పుల్ల పేరుతో పిలిచారంటే, దాన్ని చేసినవాళ్ల మనసులో ఏది ముఖ్యమో తెలుస్తూనే ఉంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రం ఆయుధాగారం గురించి చెప్పేచోట అమ్ముల జాబితా ఇస్తుంది. వేణువు, అంటే వెదురు. శరం, అంటే రెల్లు. శలాక, దండాసనం, నారాచం. చివరిది ఇనుప బాణం. నారికి వాడదగిన వాటిలో జిల్లేడు నార, జనపనార, వెదురు, నరం కనిపిస్తాయి. వెదురు నారి అనగానే నల్లమల గుర్తుకొస్తుంది కదూ? రాజుగారి కోటలోనూ, గూడెంలోనూ సరుకు ఒకటే అన్నమాట.

కుందూ, పెన్న, తుంగభద్ర ఒడ్డున తెల్లటి పూలతో ఊగే రెల్లు తేలిక, నిటారు, ఊరికే దొరికేది. కానీ ఒంటరిగా పనికిరాదు. మొన దగ్గర చితికిపోతుంది. దానికి లోకమంతా ఒకే ఉపాయం కనిపెట్టింది. రెల్లు కొసలో జానెడు గట్టి కర్ర ముక్క దిగగొట్టి, నారతో చుట్టి, ఆ కర్రకు మొన బిగించడం. ఈజిప్టులో టూటన్‌ఖామన్ సమాధిలో దొరికిన అమ్ములు కొన్ని ఇలాంటివే. రెల్లు, ముందు గట్టి కర్ర. బరువు ముందుకొస్తుంది, దెబ్బ కర్ర తీసుకుంటుంది, రెల్లు బతుకుతుంది. కర్ర ముక్క విరిగితే అదొక్కటే మార్చుకుంటే సరి.

ఎర్రచందనంతో చేస్తే?

కడప జిల్లాలో ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడక్క మానరు. శేషాచలం, పాలకొండలు, లంకమల... ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు చుట్టూ ఉంటే దానితో అమ్ము ఎందుకు చేయకూడదని. చట్టం ఒప్పుకోదన్నది పక్కన పెడదాం. ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునుగుతుంది. అంత బరువు పుల్ల విల్లు దాటి పట్టుమని పాతిక గజాలు పోయేలోపే కిందికి దిగిపోతుంది. జానెడు ముక్కగా రెల్లు కొసకైతే బాగుంటుందేమోగానీ, నిండు అమ్ముకు కాదు. గట్టి కర్రంటే మంచి కర్రనుకునే మన అలవాటు ఇక్కడ దెబ్బతింటుంది. అమ్ముకు కావలసింది గట్టిదనం కాదు, బరువుకు తగ్గ బిగువు.

చలిదేశాల్లో వెదురు లేదు కాబట్టి వాళ్లు కర్రతోనే కుస్తీ పట్టారు. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ ఓట్జీ అనే 5 వేల ఏళ్ల నాటి మనిషి అమ్ములపొదిలో 14 అమ్ములున్నాయి. పన్నెండు సగం చెక్కినవి, రెండే పూర్తయినవి. అన్నీ వైబర్నమ్ లాంటి పొదల చువ్వలు. చెట్టు కర్ర చీల్చినవి కావు, నిటారుగా లేచిన పిల్కలు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో అమ్ములు వేల సంఖ్యలో దొరికాయి. వాటిలో ఎక్కువ పోప్లార్ అనే తేలిక కర్రవి. అమెరికాలో పోర్ట్ ఆర్‌ఫర్డ్ సెడార్ ఇప్పటికీ కర్ర అమ్ములకు పెట్టింది పేరు. 1922లో సెడార్ అమ్ములు చేయడం మొదలుపెట్టిన డగ్ ఈస్టన్ అనే కుర్రాడు కర్ర ఒక్కోటి ఒక్కో తీరుగా ఉండటం భరించలేక 1939లో అల్యూమినియం గొట్టానికి మారాడు. ఆ తర్వాత కార్బన్ వచ్చింది. గొట్టాలన్నీ ఒకే బరువు, ఒకే వంపు. డజను కొంటే డజనూ కవల పిల్లలు. అయినా విల్లంబుల వేటకు లైసెన్సు ఇచ్చే అమెరికాలో, కావాలనే సెడార్‌కూ వెదురుకూ తిరిగొచ్చేవాళ్లు ఏటా ఉంటూనే ఉన్నారు. బరువుగా ఉంటుంది, చప్పుడు తక్కువ, మన చేత్తో చేసుకున్న తృప్తి.

నంద్యాల జిల్లా జ్వాలాపురంలో రాతి గుహ నీడన తవ్వినప్పుడు 35 వేల ఏళ్ల నాటి నుంచి వరసగా వాడిన సూక్ష్మ రాతి పనిముట్లు బయటపడ్డాయి. గోరంత పలుకులు. ఇలాంటివి ఒంటరిగా చేత్తో పట్టుకునేవి కావు. ఏదో పుల్లకు తగిలించి వాడేవి. ఆ పుల్ల ఈటెదో అమ్ముదో రాయి చెప్పదు. పుల్ల చెబుతుంది, కానీ అది మట్టిలో కలిసిపోయింది. బాణం చరిత్రలో ఎప్పుడూ ఇదే గొడవ. మొనలు మ్యూజియాల్లో ఉంటాయి, పుల్లలు ఎక్కడా ఉండవు.

హక్కు వెదురుకే, వేటకు కాదు

అడవి వేట గురించి చదువుతుంటే మనకు తెలియకుండానే ఒక రంగుల బొమ్మ తయారవుతుంది. 1958 నాటి ‘చెంచులక్ష్మి’ సినిమా పుణ్యమా అని ఆ బొమ్మలో పాటలు కూడా ఉంటాయి. కానీ 1940లో కృష్ణకు అవతల అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య గడిపి, 1943లో పుస్తకం అచ్చువేసిన హైమన్‌డార్ఫ్ రాసింది వేరు. చెంచుల కడుపు నింపింది ప్రధానంగా దుంపలు, పళ్లు, ఆకులు. వేట అప్పటికే కొద్దిపాటిది. విల్లు చేతిలో ఉన్నంత మాత్రాన రోజూ మాంసం ఉండేది కాదు. కాబట్టే అమ్ము మీద అంత శ్రద్ధ. వారానికోసారి దొరికే ఒక్క అవకాశాన్ని వంకర పుల్లకు అప్పగిస్తే ఇంటిల్లిపాదీ దుంపలతోనే సరిపెట్టుకోవాలి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపేసింది. ఆ చట్టంలో వేట హక్కు మిగిలింది నికోబార్ దీవుల గిరిజనులకు మాత్రమే. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం వచ్చింది. పులి బతకాలంటే దుప్పి బతకాలి, దుప్పి బతకాలంటే అమ్ము ఆగాలి. ఇందులో వాదించడానికేమీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చెంచులకు చాలా ఇచ్చింది. భూమి, తేనె, దుంపలు, జిగురు. వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, సేకరించుకుని అమ్ముకునే హక్కూ ఇచ్చింది. కానీ సంప్రదాయ వేట హక్కును మాత్రం పేరుపెట్టి మరీ మినహాయించింది. అంటే పుల్ల కోసుకోవచ్చు, దాన్ని అమ్ముగా వేయడానికి మాత్రం అడవిలో చోటు లేదు.

నెమలి ఈక సంగతీ అంతే. అమ్ము వెనక తిన్నగా పట్టి ఉంచే ఈకగా పనికొచ్చే పక్షుల్లో నెమలి ఒకటి. 1963లో అది జాతీయ పక్షి అయింది. చంపడం నేరం. రాలిన పింఛం దొరికినా, అమ్ముకు కావలసింది పింఛం కాదు, రెక్క ఈక.

చట్టాలు సరైనవే. నష్టం మాత్రం నిజం. పనికిరాని విద్యను ఎవరూ నేర్పరు. ఏ గడ మూడేళ్లదో, ఏ పుల్ల ఏ విల్లుకు సరిపోతుందో చెప్పే వేళ్లు ఒక్కో తరంతో తగ్గిపోతాయి. విల్లు మాత్రం బొమ్మగా బతుకుతుంది. గూడెం గోడల మీద, సభల వేదికల మీద, మంత్రులకిచ్చే జ్ఞాపికల్లో. ఆ బొమ్మ విల్లుకు అమ్ము ఎలా ఉన్నా ఫరవాలేదు. వేసేది ఎలాగూ లేదు కదా!

2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లిన అహోబిలంలో ఏటా సంక్రాంతి వెళ్లగానే పారువేట మొదలవుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి తన పెళ్లికి పిలవడానికి పల్లకిలో ఊరూరూ తిరుగుతాడని నమ్మకం. నలభై రోజులకు పైగా సాగే ఆ తిరుగుడులో చెంచులు స్వామికి అత్తింటివాళ్లు. చేతిలో విల్లంబులు ఉంటాయి. రాజంపేట దగ్గరి ఊటుకూరును కన్నప్ప ఊరని చెప్పుకునే కడప వైపు కూడా విల్లు భక్తిలోకి చేరిపోయింది. భక్తిలో అమ్ముకు గురి అక్కర్లేదు. అక్కడ అది మొక్కు.

సముద్రాల అవతల ఇలాంటి పరిస్థితే ఒకసారి మరోలా తిరిగింది. 1911లో కాలిఫోర్నియాలో ఒరోవిల్ అనే ఊళ్లోకి ఒంటరిగా వచ్చాడు ఒక మనిషి. తన యాహీ తెగలో మిగిలిన ఆఖరివాడు. జనం అతన్ని ఇషీ అని పిలిచారు. శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు వైద్యం చేయబోయి అతని విల్లంబుల ప్రేమలో పడ్డాడు. పుల్ల ఎలా ఎంచాలి, నిప్పు మీద వంకర ఎలా తీయాలి, ఈక ఎలా కట్టాలి... పక్కన కూర్చుని నేర్చుకుని రాసుకున్నాడు. ఇషీ 1916లో పోయాడు. పోప్ పుస్తకం 1923లో వచ్చింది. ఈరోజు అమెరికాలో సంప్రదాయ విల్లంబుల ముచ్చట అంత పెద్దదవడానికి ఆ కూర్చోవడం ఒక కారణం. నల్లమలలో బైర్లూటి నుంచి శ్రీశైలం దాకా గూడేల్లో ఆ పక్కన కూర్చునే పని ఇప్పుడైనా చేయొచ్చు. జంతువు ఒక్కటీ చావాల్సిన పని లేదు. కావలసిందల్లా ఒక చలికాలం, ఒక కత్తి, కొన్ని నిప్పులు, ఓపిక.

యాభై మీటర్ల దూరంలో

అమ్ముకు చట్టం అడ్డు చెప్పని చోటు ఒకటుంది. అది మైదానం. మన దేశంలో ఆర్చరీ పోటీల్లో ఒలింపిక్ విల్లు, కాంపౌండ్ విల్లుతో పాటు ‘ఇండియన్ రౌండ్’ అని ఒక విభాగం ఉంది. వెదురు, కర్ర సరంజామాతో ఆడేది. దూరాలు 50 మీటర్లు, 30 మీటర్లు. లక్షలు పోసి విదేశీ విల్లు కొనలేని ఇంటి పిల్లలు చాలామంది ఆటలోకి అడుగుపెట్టేది ఈ తలుపు నుంచే. రాజస్థాన్ అడవుల్లో వెదురు విల్లుతో పెరిగిన లింబారామ్ 1987లో స్పోర్ట్స్ అథారిటీ కంట్లో పడ్డాడు. మరుసటేడు సియోల్ ఒలింపిక్స్‌లో ఉన్నాడు. 1992లో బీజింగ్‌లో 30 మీటర్ల దూరంలో 360కి 358 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడు. మన రాష్ట్రంలో ఆర్చరీ అనగానే విజయవాడే గుర్తొస్తుంది. జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో మూడు స్వర్ణాలు తెచ్చింది అక్కడి నుంచే. వెదురు పెరిగే సీమ వైపు ఇంకా అంత పేరు రాలేదు.

అయితే మైదానం అడిగే అమ్ము, అడవి అడిగిన అమ్ము ఒకటి కాదు. ఇది తెలియక వెదురు ఉంది కదా అని దిగితే బోర్లా పడటమే. వేటగాడికి మూడు నాలుగు మంచి అమ్ములు చాలు. ఒక్కోదాని గుణం అతనికి తెలుసు. ఇది కాస్త ఎడమకు పోతుంది, అది పైకి లేస్తుంది అని మనసులో సర్దుకుని వేస్తాడు. పోటీలో అలా కుదరదు. వరసగా వేసేవి ఆరైనా డజనైనా అన్నీ ఒకేలా పోవాలి. బరువులో రెండు మూడు గ్రాముల తేడా ఉన్నా 50 మీటర్ల దూరంలో ఒకటి పసుపు వలయంలో, ఇంకోటి నల్లదాంట్లో దిగుతాయి. వెదురులో ఒకేలాంటి డజను కావాలంటే వంద పుల్లలు కోసి, ఆరబెట్టి, సరిచేసి, ఒక్కోటీ తూచి, మేకుల మీద పెట్టి వంపు చూసి, జతలు కట్టాలి. వందలో ముప్పై ఆరేటప్పుడే పగలొచ్చు. ఇంకో ముప్పై వంపులో తప్పొచ్చు. మిగిలినవాటిలో ఒక డజను జత కుదిరితే గొప్ప.

ఆ జత కట్టే పనికి కావలసినవి పెద్దవేమీ కావు. కంసాలి తూచే చిన్న త్రాసు. 26 అంగుళాల ఎడంలో రెండు మేకులు. తొమ్మిది వందల గ్రాముల బరువు. ఇవి ఏ హైస్కూలు సైన్సు గదిలోనైనా ఉంటాయి. పక్కన, ‘ఇది మూడో ఏటి గడ కాదు నాయనా, తీసెయ్యి’ అని చూడగానే చెప్పగల పెద్దాయన ఒకరు ఉంటే, ఆ వందలో సగం కోసే పనే తప్పుతుంది.